వేలు తీయకుండా

“భయ్యా, ఆ వెనకాల గరగర హటాదో, తీసేయ్. సాయంత్రానికి పాట ఇచ్చేయాలి కదా,” అంది పద్మిని హెడ్‌ఫోన్స్ తీస్తూ.

రాజ్‌కిరణ్ కంప్యూటర్‌కి తగిలించిన కీబోర్డు మీద ఒక కీ నొక్కి, మళ్లీ విన్నాడు. ఆ స్వరం నాన్న ఈ దీవిలో డాలీగంజ్ పందిళ్లలో వాయించిన పాత సింథసైజర్‌ది. ఉప్పుగాలికి అది పాడైపోతోందని, నిరుడు నాన్న ఒక్కో కీ నొక్కుతుంటే తను మైకు పెట్టి రికార్డు చేసుకున్నాడు. ఇప్పుడు సింథసైజరూ లేదు, నాన్నా లేడు.

“గరగర కాదే ఇది.” స్పీకర్లు పెట్టాడు.

వంటింట్లోంచి గవరమ్మ తడిచేతులతోనే వచ్చేసింది.

“ఏట్రా, మీ నాన్న ఆయాసం ఇనబడతంది?”

రాజ్‌కిరణ్ కుర్చీ కాస్త పక్కకి జరిపాడు.

“ఏదీ, నన్ను నొక్కనీ.”

నొక్కింది. స్వరం లేచింది. దాని అడుగున ఓ మనిషి ఊపిరి ఎగసి, దిగి, మళ్లీ ఎగసింది.

“ఎంతసేపొత్తాది?”

“నొక్కి ఉంచినంతసేపూ తిరుగుతూనే ఉంటాదమ్మా.”

“వేలు తీసేత్తే?”

“ఆగిపోద్ది.”

చీకటి పడింది. పద్మిని లేచి లైటు వేసింది. పాట సంగతి ఎవరూ ఎత్తలేదు.

గవరమ్మ వేలు ఇంకా కీ మీదే ఉంది.