ఎవరో పరిచిన పక్క

"ఈ పూటైనా గది బుక్ చేస్తారా, లేక మళ్ళీ మీనమేషాలు లెక్కపెడతారా?" ఉతికిన దుప్పట్లు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ అడిగింది ఆవిడ.

"చేస్తానే తల్లీ! ఒక సైట్లో టిఫిన్ ఫ్రీ అంటాడు. ఇంకో సైట్లో అదే గదికి టిఫిన్ లేదుగానీ స్విమ్మింగ్ పూల్ ఉందంటాడు. పోల్చి చూసుకోవద్దూ?" కౌంటరు వెనక ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు ఆయన.

"నాకు ఈతా రాదు, వాడి టిఫినూ అక్కర్లేదు. ఇంకెవరో పరిచిన పక్క మీద ఒక్క రాత్రి పడుకోవాలి. అంతేకదండీ నేనడిగింది!"

పాపం, నిజంగా అంతే అడిగింది. స్టేషను వెనక సందులో ఉన్న ఆ చిన్న లాడ్జిలో కౌంటరు ఆయనది, పక్కలు ఆవిడవి. ఆ మహానగరంలో దిగినవాళ్ళు ఎందరో ఆవిడ పరిచిన పక్క మీద ఒళ్ళు మరిచి నిద్రపోయారు. ఆవిడ పక్క మాత్రం ఆవిడే పరుచుకోవాలి. ఇవాళ వానకి లాడ్జిలో ఒక్క గదీ నిండలేదు. తాళం వేసి సముద్రం ఒడ్డున ఏదైనా పెద్ద హోటల్లో ఈ రాత్రి గడిపి రావచ్చు. ఇలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో!

ఆవిడ వచ్చి ఆయన భుజం మీదుగా ఫోన్లోకి తొంగి చూసింది. తెల్లటి పరుపు, నీరెండ, కిటికీ నిండా నీలం. బొమ్మలోని దుప్పటి అంచుని వేలితో మెల్లగా తడిమింది. "ఎంత పొందిగ్గా మడిచారో చూడండి! ఇదే నొక్కేయండి."

"నొక్కుతా, నొక్కుతా. ఇంకొక్క సైటు చూసి."

ఆవిడ వేలు తీసేసుకుని పైకి వెళ్ళిపోయింది. ఆయన మనసు చివుక్కుమంది.

కానీ ఏం చేస్తాడు? ఆయనకు వెతకడంలోనే ఉంది మజా అంతా. గాల్లో మేడలు కట్టడమంటారే, ఆయన ఆ మేడల్లో కాపురం కూడా ఉంటాడు! బయట సన్నగా వాన పడుతోంది. ఆయన అరికాళ్ళ కింద మెత్తటి తివాచీ కుంగుతోంది. చప్పుడు లేని వరండాల్లో నడుస్తున్నాడు. ఒక తలుపు తీస్తే మబ్బులు, ఇంకో తలుపు తీస్తే ఓడల దీపాలు. ఒక గది బుక్ చేశాడా, మిగతా గదులన్నీ చేజారిపోతాయి. ఆ దిగులే ఆయన వేలిని ఆపేస్తోంది.

తీరా తేరుకుని ఆ తెల్లటి పరుపు కోసం వెనక్కి వెళ్ళేసరికి, "ఈ రాత్రికి గదులు లేవు" అని ఉంది. మబ్బుల గదీ లేదు, ఓడల గదీ లేదు. ఏ సైటు చూసినా అదే మాట.

పైకి వెళ్ళి ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అంతలో కౌంటరు మీది ఫోను టింగుమంది. లాడ్జికే బుకింగు! పై అంతస్తు కిటికీ గది, ఒక్క మనిషి, ఈ ఒక్క రాత్రికి. డబ్బు కూడా కట్టేశారు. హమ్మయ్య! దేవుడే సాకు పంపినట్టనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

"ఏమే! వింటున్నావా? గెస్టు వస్తున్నారట! ఇక కదల్లేం. హోటలు సంగతి ఇంకోసారి చూద్దాంలే. ముందు ఆ పై గది సర్దు!"

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేత్తో చిన్న సంచి పట్టుకుని దిగింది ఆవిడ. ఆయన పక్కకి రాలేదు. కౌంటరుకి అవతల నిలబడి బల్ల మీది గంట నొక్కింది.

"ఎక్కడికే ఈ వానలో?" అన్నాడాయన బిక్కమొహం వేసుకుని. "అక్కడ గెస్టు వచ్చే వేళైంది..."

"వచ్చేశానండీ, ఆ గెస్టుని నేనే. వెళ్ళి పక్క పరవండి."