ముఖం సరిపోలలేదు

ఆసుపత్రులన్నీ సెల్లులోకి దూరిపోయిన రోజులవి. రోగుల గుట్టు బయటపడకూడదని దానికి ముఖాల తాళం వేశారు. మందు కావాలంటే ముఖం చూపాల్సిందే.

బట్టలారేస్తున్న ధనకుమారిని కందిరీగలు కుట్టేశాయి. ముఖం బూరెలా పొంగింది. ఊపిరాడటం కష్టమైంది.

"మీ ముఖం సరిపోలలేదు. పరాయివాళ్లకి మందివ్వం," అంది సెల్లు.

"నేనే తల్లీ, ధనకుమారిని! వాపు తగ్గే మందు పంపించవే," అని బతిమాలుకుందామె.

"వాపు తగ్గాక రండి."

మొగుడు వీర్రాజు తెలివిగా గోడమీదున్న ఆమె పెళ్లినాటి ఫోటో దించి సెల్లుకి చూపించాడు. తాళం చటుక్కున తెరుచుకుంది. సెల్లు ఆ ఫోటోని నిదానంగా పరీక్షించింది.

"ధనకుమారిగారూ, మీకు వాపేమీ లేదు. మందు అక్కర్లేదు."

వీర్రాజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏమీ లేదంటలేవే! లేచి టీ పెట్టు."