గవరయ్య కట్టిన ముడి

చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ల గూళ్లు ఒకదాని కింద ఒకటి వేలాడుతూ ఉండేవి. వాటికి మరమ్మతులు చేసేది గవరయ్య అనే ముసలి గిజిగాడు.

వానలు రాబోతుంటే కింది గూటి నూకాలు తన గూడు వేలాడే పాత గడ్డిపోచలు మార్చమంది. "ముందు పై గూటివి మార్చాలమ్మా. నీ గూడు వేలాడేది దానికేగా," అన్నాడు గవరయ్య. పైవాళ్లేమో పిల్లలు పడుకున్నారు, ఇప్పుడు గూడు కదపొద్దన్నారు.

అందుకని అతను పాత పోచలు తెంపకుండానే, వాటి పక్కనే కొత్తవి కొమ్మ నుంచి పై గూటికి, అక్కణ్ణుంచి కింది గూటికి అల్లుకుంటూ వచ్చాడు. గాలివానకు పాతవన్నీ తెగిపోయాయి. గూడు ఒక్కటీ రాలలేదు. పోచలు తెగిన సంగతే ఎవరికీ తెలియలేదు.

వాన వెలిశాక నూకాలు పిల్లల కిచకిచలు విని గవరయ్య ఆమె గూటి దగ్గర వాలాడు. అతన్ని చూడగానే నూకాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"మళ్లీ ఏం పాడైంది బాబాయ్?"

ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పడానికి గవరయ్యకు నోరు రాలేదు.

"ఈ ముడి కాస్త వదులైందమ్మా," అని, గట్టిగానే ఉన్న ముడిని విప్పి, పిల్లల కబుర్లు వింటూ మెల్లగా మళ్లీ కట్టాడు.