సభా సమక్షంలో

“గా ఒక్క మాట మార్చుండ్రి సార్. మార్చకుంటే నేను ఒప్పుకోను.”

శాసన మండలి సభా నాయకుడు రామచంద్రం చేతిలోని కార్యక్రమ పట్టికను బల్ల మీదికి విసిరాడు. తన గదిలో, తన ఎదుటే కూర్చుని, తాను తెప్పించిన చాయ్‌లో బిస్కెట్టు మెత్తబడే దాకా నానబెట్టుకుంటూ, ఖానాపూర్ బడిపంతులు ఏలియా తనకే షరతులు పెడుతున్నాడు! ఉపాధ్యాయుల ఓట్లతో మండలికి వచ్చి ఏడాదైనా కాలేదు.

“పంతులూ, శాసన సభ నిన్ననే బిల్లు పాస్ చేసి ఇంటికి పోయింది. ఈడ ఒక్క అక్షరం మారినా బిల్లు మల్ల ఆడికే పోవాలె. ఆడ ఎవరున్నరు? గోడలా?”

“గోడలకన్నా చదివి వినిపించుండ్రి. ‘చేతబడి చేయు వానికి మూడేండ్ల ఖైదు’ అని రాసిండ్రు. అంటే చేతబడి ఉన్నదని సర్కారే ఒప్పుకున్నట్టాయె. ‘చేసెనని నింద వేయు వానికి’ అని మార్చుండ్రి.”

“చేతబడి లేదని నాకు తెల్వదా? హుజూరాబాద్ల పుట్టి లండన్ల చదివినోన్ని. నువ్వు నాకు సైన్సు చెప్తవా?”

రామచంద్రం నిజంగానే చేతబడిని నమ్మడు. ఆ రోజు శుక్రవారం కనుక, బిల్లును రాహుకాలం వెళ్ళాక, పన్నెండు దాటిన తర్వాతే చేపట్టేట్టు పట్టికలో వేయించాడంతే.

సమావేశాలకు అదే ఆఖరి దినం. అందిన మర్నాడే బిల్లు చర్చకు రావాలంటే సభలో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పకూడదు. అందుకే పొద్దున్నుంచి ప్రతిపక్ష నాయకుణ్ణి బుజ్జగించాడు. అలిగిన స్వతంత్ర సభ్యులను బతిమాలాడు. జ్వరంతో పడుకున్న ఒక సభ్యుణ్ణి కారు పంపి రప్పించాడు. బిల్లు నెగ్గకపోతే సభా నాయకత్వం మరొకరికి పోతుందని పైనుంచి కబురు కూడా వచ్చింది. అన్నీ సర్దుకున్నాయనుకుంటే చివరికి ఈ పంతులు అడ్డం తగిలాడు.

“జర ఆలోచించుండ్రి” అన్నాడు ఏలియా.

“ఆలోచించుడు అయిపోయింది, లే! సభల నోరు తెరువు, చూస్త. నువ్వు మాట్లాడేది మనిషన్నోనికి సమజైతదా? నోట్లె పేలాలు పోసుకున్నట్టు!”

ఏలియా బిస్కెట్టును నాలుకతో నెమ్మదిగా అణిచి మింగాడు. లేచి వెళ్ళిపోయాడు.

పన్నెండు దాటాక రామచంద్రం సభలో లేచి, బిల్లును అప్పటికప్పుడే చర్చకు చేపట్టాలని ప్రతిపాదించాడు. ఎవరికైనా అభ్యంతరమా అని అధ్యక్షుడు అడిగాడు.

“నాకున్నది, అధ్యక్షా.”

“కూర్చోండి! కూర్చోండి!” అధికార పక్షం బల్లలు చరిచింది.

ఏలియా కూర్చోలేదు. కానీ అతని మాటల్లో సగం ఈల వేసినట్టు గాలిలోకి జారిపోతున్నాయి. శీఘ్రలేఖకుడు కలం ఆపి, నిస్సహాయంగా అధ్యక్షుని వైపు చూశాడు.

“గౌరవ సభ్యులు కొంచెం స్పష్టంగా మాట్లాడాలి” అన్నాడు అధ్యక్షుడు.

రామచంద్రం ఆ అవకాశాన్ని వదులుకోలేదు. “అధ్యక్షా, పంతులు గారు బడిలో పిల్లలకు ఏ భాషలో పాఠం చెబుతారో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం దయచేసి తెలుగులో మాట్లాడమనండి.”

సభ గొల్లుమంది. ఏలియా ఆ నవ్వు అణిగే దాకా ఆగాడు. తర్వాత ఒక్కొక్క మాటనూ పట్టి పట్టి పలికాడు.

“మా దిక్కు ఎవలకన్న జ్వరం తగ్గకుంటే, ఫలానోడు చేతబడి చేసిండంటరు, అధ్యక్షా. గుంజుకొచ్చి కట్టేస్తరు. మంత్రం నోట్లె తిరుగొద్దని పండ్లు పీకుతరు. గీ బిల్లు గిట్లనే వస్తే, పీకినోడు సాక్షి అయితడు. పీకించుకున్నోడు ఖైదీ అయితడు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. రామచంద్రానికి ఆ నిశ్శబ్దం నచ్చలేదు. సభ అలా మౌనంగా ఉంటే ఓట్లు జారిపోతాయని అతనికి అనుభవం. విసురుగా లేచాడు.

“కట్టుకథ! మనుషులు రాకెట్లలో ఆకాశానికి పోతున్న కాలమిది. మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్ళను అడవి మనుషులని బదనాం చేస్తారా? ఎవరి పళ్ళు? ఎవరు పీకారు? ఆధారముంటే సభా సమక్షంలో ఉంచాలి. లేకుంటే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నియమం అది!”

“నియమం అదేనా, అధ్యక్షా?” అడిగాడు ఏలియా.

“అదే.”

“కాయితమే పెట్టాల్నా?”

“ఆధారం ఏదైనా కావచ్చు” అన్నాడు అధ్యక్షుడు.

రామచంద్రం కుర్చీలో వెనక్కి వాలి, పక్కనున్న విప్ చెవిలో గుసగుసలాడాడు. “ఉత్తదే. ఆనితాన ఏముంటది? ఇగ చూడు, నోరు మూసుకొని కూసుంటడు.”

ఏలియా వరుసల నడుమ నుంచి దిగి వచ్చాడు. అధ్యక్షుని ముందున్న బల్ల మీద జేబురుమాలు పరిచాడు. సభకు వీపు తిప్పి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి, నలభై నిండని ఆ మనిషి దవడలు లోపలికి పోయి, ముఖం ముసలివాడి ముఖమైపోయింది. రుమాలు మీద రెండు వరుసల కట్టుడు పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

ఒట్టి చిగుళ్ళతో ఏలియా పలికిన మాట గాలిపోయిన తిత్తిలా వచ్చింది. అయినా శీఘ్రలేఖకుడు ఈసారి కలం ఆపలేదు.

“మా ఊరోళ్ళు పీకినయి దొరకలే, అధ్యక్షా. వాటి బదులు ఇవి ఉంచుతున్న.”