బాతు వదిన చెరువు

ఒక పెరటి మూల గంపలో చుక్కల పెట్ట పొదుగుతోంది. వాన కాస్త తెరిపిచ్చేసరికి నీళ్లు గంప అడుగుదాకా వచ్చాయి. ఇంకో జల్లు పడితే గుడ్లు మునుగుతాయి. పెట్ట దిగి, గోడ కింది తూము దాకా కాళ్లతో గీరి గీరి కాలువ తీసింది. నీళ్లు బిరబిరా కదిలాయి.

అంతలో బాతు వచ్చి కాలువకి అడ్డంగా దిమ్మలా కూలబడింది.

"ఏమే, నా చెరువు ఎండగడతావా?"

పొదిగే పెట్టకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "కాలివేళ్లు మునగని బురదగుంటకి చెరువని పేరా వదినా? లే, గుడ్లు తడుస్తాయి."

"నీ గుడ్లు, నీ ఏడుపు. నీలా మూలన కూర్చునే రకం కాదు నేను."

"అవును తల్లీ, గుడ్డు పెట్టడం, ఈతకి పోవడం! మరి వాటినెవరు పొదుగుతున్నారనుకున్నావు? ఇంటావిడ తెచ్చి నా కిందే పెట్టింది. చూసుకో."

బాతు మెడ చాచి చూసింది. కోడిగుడ్ల మధ్య తన పెద్ద గుడ్లు కనిపించాయి. లేచి తూము దగ్గరికి పోయి, ముక్కుతో బురద తోడసాగింది.

పెట్ట గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"ఇంకాస్త లోతుగా తవ్వు వదినా. తల్లివి కదా!"