పేరు చెప్పి చచ్చేవాడు

ఆ పొద్దున తోకుజి అప్పటికే రెండుసార్లు చచ్చాడు. మూడోసారి చావబోతుంటే డైరెక్టరు ఇవాకి "కట్" అన్నాడు.

"ఏమయ్యా, నువ్వు బందిపోటువి. వచ్చావా, దెబ్బ తిన్నావా, పడ్డావా. అంతే. మధ్యలో ఈ ప్రవర ఏమిటి?"

తోకుజి మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. "పూర్వం యుద్ధంలో సమురాయ్ అన్నవాడు పేరూ ఊరూ చెప్పుకోకుండా కత్తి దూసేవాడు కాదట కదండీ."

"వాళ్ళు సమురాయ్‌లు. నువ్వు కోళ్ళు ఎత్తుకుపోయే బాపతు."

సెట్టంతా నవ్వింది. తోకుజి కూడా నవ్వాడు.

క్యోటో స్టూడియోల్లో తోకుజి వృత్తి చావడం. హీరో కత్తి తగలగానే విల్లులా వెనక్కి వంగి, మొహం కెమెరాకి చూపించి, దుమ్ము లేచేలా పడతాడు. యాభై దాటాయి. ఇంకో పని రాదు. చావు మానేస్తే అతనికి బతుకు లేదు.

విగ్గు మార్చి, గడ్డం మార్చి ఒకే సినిమాలో మళ్ళీమళ్ళీ చచ్చేవాడు. ప్రతి చావుకీ ఓ కొత్త పేరు. "కామో ఏటి ఎడమగట్టున పుట్టినవాణ్ణి, ముల్లంగి ఊరగాయల గొంబెయ్‌ని, కాచుకో" అంటూ దూకేవాడు. గడ్డం మార్చుకొచ్చి, "కుడిగట్టున పెరిగినవాణ్ణి, అత్తగారికి తప్ప ఎవరికీ జడవని దెంపాచిని" అనేవాడు. మిగతా బందిపోట్లు అతని వెనకే దూకి, అతని పక్కనే చచ్చేవాళ్ళు. మాటలూ చప్పుళ్ళూ తర్వాత కలుపుకునే రోజులు కాబట్టి పాత డైరెక్టర్లు పోనిమ్మని ఊరుకున్నారు.

ఇవాకి అలా కాదు. తోక్యో నుంచి కొత్తగా వచ్చాడు. నవ్వంటే పడదు. తెర మీద చావుకి ఓ మర్యాద ఉండాలంటాడు.

ఇక హీరో మినాసె గెంజురో. పోస్టర్ల మీద ఆ పేరుకి ముందు "డేగకళ్ళ" అని వేస్తారు. కత్తి దూసి నిలబడ్డాడంటే ఎదుటివాణ్ణి చూడడు. వాడి భుజం మీదుగా ఎక్కడో చూస్తాడు. ఇంతింత దీపాలు మొహం మీద కొట్టినా రెప్ప వెయ్యడు. ఆ మనిషి చూసేది శత్రువుని కాదు, శత్రువు వెనక నిలబడ్డ మృత్యువునని పత్రికలు రాశాయి. అంత పెద్ద హీరో, సెట్లోకి మాత్రం తోకుజి భుజం మీద చెయ్యేసుకుని నడిచి వచ్చేవాడు. ఆ నిగర్వం చూసి మేకప్ గదిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

నోరు మూసుకుని చస్తావో, ఇంటికి పోతావో తేల్చుకోమన్నాడు ఇవాకి.

తోకుజి గెంజురో వైపు చూశాడు. గెంజురో ఎటో చూస్తున్నాడు.

"పేరు చెప్పుకోకుండా చావలేనండీ."

విగ్గు తీసి డైరెక్టరు కుర్చీ పక్కన పెట్టి, వంగి దణ్ణం పెట్టి, తోకుజి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అదే పోరు మళ్ళీ మొదలెట్టారు. ఈసారి బందిపోట్లు పిల్లుల్లా చప్పుడు లేకుండా వచ్చారు. గెంజురో కదల్లేదు. ముందున్నవాడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని, చావాలో అక్కర్లేదో తెలియక డైరెక్టరు వంక చూశాడు.

రెండో టేకులో గెంజురో కదిలాడు. గిర్రున తిరిగి ఒక్క వేటు వేశాడు. నూడుల్స్ కొట్టు ముందు వేలాడే కాగితం లాంతరు పొట్ట పగిలి కింద పడింది. ఇవాకి తోక్యోలో ప్రత్యేకంగా చేయించి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న లాంతరు అది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. అందరికంటే ముందు ఇవాకికి అర్థమైంది. హీరోని పక్కకి పిలిచాడు.

"మినాసె గారూ, నా మీద కోపం లాంతరు మీద చూపిస్తే ఎలాగండీ?"

గెంజురో కత్తి ఒరలో పెట్టుకున్నాడు.

"కోపం కాదు డైరెక్టరు గారూ. వాడు లేకపోతే నాకు చెయ్యాడదు."

ఎక్స్‌ట్రా వేషగాడి కోసం ఇంత పంతమా అని ఇవాకి పళ్ళు నూరుకున్నాడు. కానీ కొత్త సంవత్సరానికి బొమ్మ హాల్లో పడాలి. హీరో కత్తి తిప్పకపోతే పడదు. తోకుజిని వెతకమని మనిషిని పంపాడు.

తోకుజి ఎక్కడికీ పోలేదు. స్టూడియో గేటెదురు కొట్లో కూర్చుని వేడి తోఫు ముక్కలు ఊదుకుని తింటున్నాడు. ఇంటికి వెళ్ళలేదేమని అడిగితే, సగం చావు మిగిలిపోయింది కదా అన్నాడట.

విగ్గు మళ్ళీ నెత్తికెక్కింది. ఎడమగట్టు గొంబెయ్ వచ్చాడు, కుడిగట్టు దెంపాచి వచ్చాడు. గెంజురో కత్తి మెరిసింది. డేగ మళ్ళీ డేగ అయింది.

ఆ ముక్క చూసుకుంటూ చీకటి గదిలో ఒక్కడే కూర్చున్న ఇవాకి, తెర మీద మాట వినపడకుండా ఆడే తోకుజి నోరు చూసి ముందు మొహం చిట్లించాడు. తర్వాత దగ్గాడు. ఆ తర్వాత కుర్చీలోంచి జారేదాకా నవ్వాడు. తోకుజిని పిలిపించి, ఆ ప్రవరలన్నీ చెప్పించి, ఒక్కటీ వదలకుండా బొమ్మలో కలిపించాడు.

కొత్త సంవత్సరం నాడు మొదటి ఆట. హాలు కిటకిటలాడిపోయింది. గెంజురో ఎప్పటిలాగే తోకుజి భుజం మీద చెయ్యేసుకుని వచ్చి, జనానికి వంగి వంగి దణ్ణాలు పెట్టి, వెనక వరసలో అతని పక్కనే కూర్చున్నాడు.

"చూద్దాంరా, ఎలా చచ్చావో" అన్నాడు.

దీపాలు ఆరిపోగానే, ఎవరూ ఇటు చూడటం లేదని రూఢి చేసుకుని, తోకుజి తన కిమోనో చేతిమడతలోంచి సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి డేగకళ్ళ గెంజురో చెవులకి తగిలించాడు.