ఒంటిమీది బంగారం

కడప స్టేషన్లో రైలు ఆగీ ఆగకముందే మహాదేవమ్మ చెంబు పట్టుకుని నీళ్లకు దిగింది. దిగిన మనిషి ఎంతకీ ఎక్కదు.

కోడలు ఈరక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది. కొళాయి దగ్గర అత్తతో ఎవరో మాట్లాడుతున్నాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. చెంబు నిండి నీళ్లు పొర్లిపోతున్నా అత్త చెయ్యి తియ్యడం లేదు.

గార్డు ఈల వేశాక ఎక్కింది. చేతిలో చెంబు లేదు. రెండు మూరల మల్లెపూలున్నాయి.

"ఎవరత్తా ఆయప్ప?"

"అయ్యన్న. మా మరిది కొడుకు. పక్క పెట్టెలో ఎక్కినాడు."

"మనూరు కోసిగి నుంచి ఈడిదాకా వచ్చినాడా? మొగమైనా చూపీలేదే?"

"మనల్ని పిల్చుకపోయేకి వచ్చినాడులే. అది ఉండనీ. ముందు పెట్టెల్లో సోదా చేస్తాండారు, చూసినా."

ఈరక్క కొంగు మెడ చుట్టూ లాక్కుంది. ఆ రోజుల్లో రంగూన్ నుంచి వచ్చేవాళ్లకు సుంకం వాళ్లంటే యమభటులే. రేవులో ఒకసారి చూసి వదిలినా రైల్లో మళ్లీ సోదా చేస్తారు. నిన్న ఓడ దిగిన రేవులో కళ్లారా చూసింది. ఆడమనిషి ఒంటిమీద ఉన్న నగ సొంతానిది, మూటలో ఉన్నది సరుకు. వాళ్ల రూలు అంతే. ఎవరో ముసలి విధవరాలు గొలుసు కొంగున ముడేసుకుని వచ్చింది. కాళ్లావేళ్లా పడినా వినకుండా ముడి విప్పించి తీసేసుకున్నారు.

మహాదేవమ్మా విధవే. అందుకే తన కాసులపేరు, వంకీలు ఓడలోనే కోడలి ఒంటిమీదికి మార్చింది. ఈరక్కవీ కలిపి పన్నెండు తులాలు. అత్తా కోడలూ, ఈరక్క మొగుడు మద్దిలేటీ పదేళ్లు రంగూన్ బియ్యం మిల్లులో ఒళ్లు హూనం చేసుకుంటే మిగిలింది అదొక్కటే. అది పోతే చేతికి చిప్పే గతి. కోసిగి చేనులో బావి పూర్తి కావాలన్నా, కడుపులో బిడ్డకు రేపు ఇంత గంజి పోయాలన్నా ఆ బంగారమే దిక్కు. బావి పని మొదలుపెడతానని మద్దిలేటి నాలుగు నెలల ముందే ఊరు చేరాడు.

"ఇట్ల తిరుగు," అంది అత్త. పూలు తానే కోడలి జడలో తురమసాగింది.

ఈరక్క ఉలిక్కిపడింది. మొగుడు పోయిన చెయ్యి తగలకూడదని మహాదేవమ్మ ఏనాడూ కోడలికి పూలు పెట్టి ఎరగదు. ఓడలో కూడా పక్కావిడను బతిమాలి పెట్టించేది.

"నువ్వు పెడతాండావేందత్తా?"

"ఈ పొద్దుకు ఏం కాదులే. బొట్టు పెద్దగా దిద్దుకో. ఏమైనా గానీ, కంట్లో నీళ్లు రానీకు."

అత్త వేళ్లు మంచులా ఉన్నాయి. రాయిలాంటి ఈ మనిషే ఇంత బెదిరిపోతే ఇక తన పని అయినట్టే అనుకుంది ఈరక్క.

కమలాపురంలో సుంకం వాళ్లు ఇద్దరు ఎక్కారు. పెద్దాయన వాళ్ల రంగూన్ కాగితాలు చూసి ట్రంకుపెట్టె బోర్లించాడు. చీరలు, టార్చిలైటు, చిన్న గొడుగు. ఏమీ దొరకలేదు. అప్పుడు చూపు ఈరక్క మెడమీద పడింది.

"మిల్లు కూలివాళ్లకు ఇంత కాసులపేరా? ఎవరిదమ్మా ఇది?"

మహాదేవమ్మే అందుకుంది.

"దాందే సామీ. ముత్తైదువ మెడలో ఉండేది ముత్తైదువది కాక ఎవురిది?"

"నీ మొగుడేడమ్మా?"

"కోసిగిలో ఉండాడు సార్. బావి తవ్విస్తాండాడు. టేషన్‌కు వస్తాడు." చెబుతుంటే తెలియకుండానే ఈరక్కకు నవ్వొచ్చింది. మొగుణ్ణి చూసి నాలుగు నెలలైంది మరి. మహాదేవమ్మ కిటికీ చువ్వ పట్టుకుని బయటికి చూస్తోంది.

ఆ నవ్వు చూసి ఏమనుకున్నాడో ఏమో, ఆయన చేతిలోని లెక్కల పుస్తకం మూశాడు. "ఒంటిమీదివేగా, పోనీ," అన్నాడు.

ఎర్రగుంట్లలో ఇద్దరూ దిగిపోయారు. రైలు కదిలింది.

"గండం గడిచింది కదత్తా," అంది ఈరక్క, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

మహాదేవమ్మ కిటికీ తలుపు దించింది. కోడలి పక్కన కూర్చుని ఆమె తల తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇంక ఏడువు తల్లీ, బావి గడ్డ ఇరిగి మీద పడి మొన్ననే మనోడు పోయినాడంట."